ఇటుక ఒకటి

మెటల్ డిటెక్టర్ దగ్గరే ఆపేశారు మమ్మల్ని.
సంచిలో ఏముందని అడిగాడు గార్డు.
"ఇటుక" అంది మిస్ ఒజెల్లా,
పక్కింట్లో ఉప్పు అడిగినంత మామూలుగా.

ఇటుక పట్టుకుని శాసనసభలోకి వెళ్లకూడదట.
ఎనభై ఒక్కేళ్ల మనిషి, మోకాల్లో స్టీలు కీలు,
ఆమె విసిరితే మాత్రం ఎంత దూరం పడుతుందని
నవ్వబోయి ఆగాను.
పిల్లల్లోంచి నన్నొక్కదాన్నే పంపారు, గొంతు పెద్దదని.
ఆ గొంతు అప్పటికే ఎండిపోయింది.

ఆమె గార్డుకి ఓపిగ్గా చెప్పింది:
మా బడికి మట్టి తొక్కింది మేస్త్రీలు కాదు నాయనా,
పగలంతా పత్తి ఏరి
రాత్రి యాజూ నది ఒడ్డున లాంతరు పెట్టుకుని
పదకొండు మంది ఆడపిల్లలు అచ్చులు పోశారు.
ఎవరో తొందరపడి పచ్చిదాన్ని ఎత్తితే
నాలుగు వేళ్లు దిగబడ్డాయి చూడు,
ఆ గుంటలతోనే బట్టీలో కాలింది.
మొన్న గాలివానకు పడమటి గోడ కూలితే బయటపడింది.

విన్నాడు. అయినా కుదరదమ్మా అన్నాడు.
రసీదు రాసిచ్చాడు.

లోపల ఏసీ చలి.
మాకు ముందు క్యాట్‌ఫిష్ చెరువుల పన్ను మీద
నలభై నిమిషాలు మాట్లాడారు.
మాకు మూడు.

పెట్టె బల్ల మీద పెట్టాను.
నాలుగు వేల నూట పన్నెండు సంతకాలు.
డయాలసిస్ కుర్చీలోంచి, ఎడమ చేత్తో ఒకావిడ.
రిజిస్టర్లో వెతికితే దొరకాలని
పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఇంకో ఆవిడ.
పెట్టె మూత ఎవరూ తీయలేదు.

"ఇప్పుడెంతమంది చదువుతున్నారు?"
"అరవై ముగ్గురు."
"అరవై ముగ్గురి కోసం ఇంత పెద్ద పైకప్పా?"

మిస్ ఒజెల్లా చెయ్యి సంచిలోకి వెళ్లింది.
ఖాళీ సంచిలో కాసేపు తడిమి
ఖాళీగానే పైకొచ్చింది,
నాలుగు వేళ్లూ వంచి, ఏదో బరువు పట్టుకున్నట్టు.
రాసుకొచ్చిన కాగితం మడత కూడా విప్పలేదు.
"మొదటి రోజు పదకొండు మందే, సార్" అంది.
ఎర్రదీపం వెలిగింది. మైకు ఆగిపోయింది.

నన్నెందుకు పంపారో అప్పుడు గుర్తొచ్చింది.

రిజిస్టర్ మొదటి పేజీ
నాకు ఎక్కాల్లా నోటికొచ్చు.
లేచి మొదలుపెట్టాను, మైకు లేకుండా:
టెంపీ. లూవీనియా. ఇద్దరు మేరీలు.
డిల్సీ, డిల్సీ చెల్లెలు.
ఊరి పేరే ఇంటిపేరైన హెస్టర్...
సుత్తి మోగింది. ఆపలేదు.
మళ్లీ మోగింది.
పదకొండో పిల్లకి పేరు లేదు,
"కొత్తది" అని మాత్రమే రాశారు.
అదీ చదివాను.

తర్వాతి సమావేశానికి వాయిదా, అన్నారు.
అవుననలేదు. కాదనీ అనలేదు.
నోట్సు రాసుకుంటున్న గుమాస్తా మాత్రం
వెనకే వరండాలోకి వచ్చి అడిగింది,
"లూవీనియా... స్పెల్లింగ్ ఒకసారి చెబుతావా?"

గేటు దగ్గర గార్డు మమ్మల్ని చూడలేదు.
బల్ల మీద ఇటుక.
ఆ గుంటల్లో తన వేళ్లు పెట్టి చూసుకుంటున్నాడు.
పట్టడం లేదు.
అంత లావు వేళ్లు అతనివి,
అంత చిన్నవి ఆ గుంటలు.

చప్పున చెయ్యి తీసేసి
రసీదు అడిగాడు.
మిస్ ఒజెల్లా ఇవ్వలేదు.
"ఇటుక నీ దగ్గరే ఉంచు" అంది,
"వచ్చే నెల మళ్లీ వస్తాంగా."

బస్సులో ఆ కాగితం చదువుకున్నాను.
తేదీ, సంతకం, మధ్యలో వంకర అక్షరాలతో:
ఇటుక. ఒకటి. పాతది.