చెప్పులు విప్పే చోటు

వాంతులైపోయాయా? నోరు కడుక్కోండి.
జయపురం నుంచి ఘాట్ రోడ్డంటే అంతే మరి,
మలుపుమలుపుకీ కడుపు లెక్క చెప్తుంది.
ఇంక బేగి దిగండి. అదిగో, జోలాపుట్.

సముద్రం కాదురా టుకునా, నాలిక ముంచి చూడు,
ఉప్పగా ఉంటే నా మీసం గొరిగించుకుంటాను.
ఇది మాచ్‌ఖండ్ ఏరు. పరుగులపిల్ల.
కొండల సందు చూసి అడ్డంగా గోడ కట్టారు.
ముందుకు పోలేక, వెనక్కి తిరగలేక
అక్కడే కూలబడింది.
కూర్చుని కూర్చుని
లోయలోయంతా ఒళ్లు పెంచింది.

దీనికి బిరడా ఉందా అని అడిగావే, ఉంది.
ఇనప గేట్లు.
ముప్పై ఒక్క ఏళ్లు వాటి గొలుసులకి
గ్రీజు పూసినవి ఈ చేతులే.
ఏ సబ్బుకీ పోలేదు, వాసన చూడు.
గేటు జానెడు లేపితే చాలు,
అంతసేపు కూర్చున్న నీళ్లు తిమ్మిరి వదిలి
కొండ దిగుతాయి, కింద చక్రాలు తిప్పుతాయి.
ఏ రాత్రో ఎవరింట్లోనో ఫ్యాను కిర్రుమందంటే
ఈ నీళ్లు గొణిగాయనుకో.

అటు గట్టు ఆంధ్రా, ఇటు గట్టు ఒడిశా.
మధ్యలో గీత ఎక్కడని వెతక్కండి, మాకే దొరకలేదు.
పొద్దున్న అక్కడ నాచు మేసిన చేప
మధ్యాహ్నం ఇక్కడ గాలానికి పడుతుంది.
దాన్నెవరూ కాగితం అడగరు.

సరే, దోనె ఎక్కండి. ఒక్కొక్కరే.
ఒంటి మాను తొలిచి చేసింది, అందుకే
దానికి ఒకటే మనసు.
మీలో ఒకడు లేచి నిలబడ్డా అలుగుతుంది.
జాకెట్టు బిగించండి. చేపల కంపే, కాదనను,
కంపు కొట్టేవాడు తేలతాడు,
షోకు చేసేవాడు మునుగుతాడు.

తెడ్డు వేసేవాడు బుద్రా. బుధవారం పుట్టాడు.
ముందు కూర్చున్న ముసలమ్మ వాడి నాయనమ్మ,
సోంబారి, సోమవారంది.
గదబవాళ్ల ఇళ్లల్లో పిలిస్తే చాలు, క్యాలెండరు పలుకుతుంది.
నిన్నూ అడుగుతుంది ఏ వారం పుట్టావని.
తెలీదంటే తనే ఒకటి ఇచ్చేస్తుంది.

నీళ్లలో నిలబడ్డ ఆ ఎండుకొమ్మలు పట్టుకోకండి.
అవి చెట్ల తలకాయలు.
మిగతా చెట్టు కింద ఉంది,
చెట్టు కింద అరుగు ఉంది,
అరుగు పక్కన వీధి.
నీళ్లొస్తున్నాయన్న ఏడు
సోంబారికి పాలపళ్లు ఊడుతున్నాయి.
నాన్న ధాన్యం మోశాడు, అమ్మ కోళ్లగంప మోసింది,
రోలుని మాత్రం ఎవరూ కదపలేకపోయారు.
ఎండలు ముదిరి నీళ్లు బాగా దిగిన ఏడాది
ఆ రోలు బురదలోంచి తల ఎత్తుతుంది.
ఈవిడ పోయి, కొంగుతో తుడిచి,
గుప్పెడు చోళ్లు పోసి వస్తుంది.
దంచేదెవరమ్మా అంటే
చేపలకి దంతాలున్నాయిలే అంటుంది.

ఇదిగో, ఇక్కడే. బుద్రా తెడ్డు పైకెత్తాడు చూశారా?
ఇక్కడికొస్తే దోనెలో అందరూ చెప్పులు విప్పుతారు.
ఇంజనీరు విప్పాడు, పోలీసు విప్పాడు,
గేట్లకి గొప్పవాణ్ణని మురిసే నేనూ విప్పాను.
కింద ఆవిడ వాకిలి ఉంది.
పైన ఎన్ని నిలువుల నీళ్లుంటే ఏటి, వాకిలి వాకిలే.

నవ్వొస్తే నవ్వండి, ఆవిడా నవ్వుతుంది.
"మా ఇంటి మీద ఆడుకోండి,
పెంకులతో కప్పగంతులు వేయించండి, అరవండి,
ఆ ఇంట్లో పిల్లల గోల వినిపించి శానా ఏళ్లయింది.
బూట్లతో మాత్రం వద్దు."

సాయంత్రం ఆ మెట్టమీద డేరా వేద్దాం.
చలికి పళ్లు టకటకమంటాయి, దుప్పట్లున్నాయి.
బిస్కెట్ కాగితాలు జేబులోనే, నీళ్లలోకి కాదు.
చీకటి పడ్డాక పైన ఎన్ని చుక్కలో
కింద అన్ని,
ఏవి ముందు లెక్కపెడతారో మీరే తేల్చుకోండి.

అరే టుకునా, లేసు ముడిపడిపోయిందా?
లాగకు, బిగుస్తుంది. మెల్లిగా.
ఎవరికీ తొందర లేదు, దోనె ఆగే ఉంది,
తెడ్డు కొసనుంచి బొట్టు బొట్టు రాలుతోంది,
సోంబారి నీ కాళ్లకేసే చూస్తోంది
నీకు ఏ వారం ఇద్దామా అని.