అట్టముక్క మీద డిసెంబరు

నియమం రాసింది సెంగా.
చేపలకి పొగబెట్టే షెడ్డులో ఖాళీ పెట్టె అట్ట చింపి,
చెవి మీద దోపుకున్న పెన్సిలుతో:
"డిసెంబరంతా. రోజూ పరుగు.
ఇరవై ఐదు నిమిషాలకి తగ్గితే లెక్కలోకి రాదు.
సాకులుంటే సీగల్స్‌కి చెప్పుకో."
కింద రెండు పేర్లు, ఒక్కోదానికి ముప్పై ఒక్క గళ్ళు.
రెండో పేరు నాది, మర్డో.
వయసు యాభై మూడు, మోకాలికి ఇంకాస్త ఎక్కువ.

ఆర్బ్రోత్‌లో డిసెంబరు పగలంటే
ఎవరో తలుపు తీసి,
పొరపాటున వచ్చామని మళ్ళీ వేసేసినట్టు.
చీకట్లో పనికి, చీకట్లో ఇంటికి,
మధ్యలో హాడాక్ చేపల్ని జతలుగా
తోకలు ముడేసి కర్రలకి వేలాడదీయటం.

మొదటి వారం కొత్త బూట్లే మోసుకెళ్ళాయి.
ఎనిమిదో రోజు వాన.
ఇక్కడి వాన పైనుంచి పడదు,
సముద్రం పక్కనుంచి విసిరికొడుతుంది.
పదకొండో రోజు షెడ్డు వాళ్ళ విందు.
బిల్లు కట్టేసరికి రాత్రి పదకొండుంపావు.
ఇస్త్రీ చొక్కా, టై, కడుపులో కదిలే పుడ్డింగు,
కార్ పార్కు చుట్టూ చుట్లే చుట్లు.
గస్తీ పోలీసు కుర్రాడు అద్దం దించి
"ఎవరైనా తరుముతున్నారా?" అన్నాడు.
"అవును, అర్ధరాత్రి," అంది సెంగా, ఆగకుండా.

పదిహేడో రోజు, రేవు గోడ మలుపులో నల్లమంచు.
రోడ్డులాగే ఉంటుంది. రోడ్డు కాదు.
ఆమె చీలమండ విరిగిన చప్పుడు
బిస్కెట్టు విరిచినంత చిన్నది.
నా కోటు కింద పడుకునే గడియారం చూసుకుంది.
"ఇరవై రెండయ్యాయి. మిగతా మూడూ
నా చుట్టూ పరిగెత్తు, ఇద్దరికీ కలిపి."
పరిగెత్తాను.
అంబులెన్సు వాళ్ళు వచ్చి
ముందు నన్ను పరీక్షించబోయారు.

తర్వాత ఆమె డిసెంబరంతా
మూడో అంతస్తు కిటికీలోకి మారింది.
నేను కింద దాటుతుంటే
దీపం రెండుసార్లు ఆరి వెలుగుతుంది:
చూశాను. పో.

పండగనాడు ఓవెన్‌లో టర్కీకీ, మా అత్తగారి రాకకీ మధ్య
నలభై నిమిషాల సందు.
బంగాళాదుంపలు చెక్కుతున్న రోనా కత్తి ఎత్తి
"ఇరవై ఆరైతే తలుపు తియ్యను," అంది.
వీధుల్లో మనిషి లేడు.
రేవులో పడవ తాడు సర్దుకుంటున్న ముసలాయన
"ఇంట్లోంచి గెంటేశారా?" అని అడిగాడు.
లేదన్నాను. నమ్మలేదు.
జేబులోంచి కమలాపండు తీసి చేతిలో పెట్టాడు.
ఆ రోజు ఊళ్ళో కనిపించిన సూర్యుడు
అదొక్కటే.

ఇరవై ఎనిమిదిన దగ్గు.
ఇరవై తొమ్మిదిన, ఎందుకిదంతా?
మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు,
రాజుకి కనీసం తడవని మేజోళ్ళుంటాయి.
ఆ రాత్రి కిటికీలో దీపం ఆరలేదు.
వెళ్ళిపోయినవాణ్ణి వెనక్కి వచ్చి మళ్ళీ దాటాను.
అప్పుడు ఆరింది, ఆలస్యంగా,
ఒక్కసారే.

ముప్పై ఒకటి. ఆఖరి రాత్రి ఆఖరి అరగంటకి దాచుకున్నాను.
వీధి గుమ్మంలో ఊతకర్రల మీద తనే,
పైజమా పైన పరుగు జాకెట్టు, కట్టు పైన మూడు మేజోళ్ళు.
మెట్లు దిగటానికి ఎంతసేపు పట్టిందో అడగలేదు.
ఇరవై ఐదు నిమిషాల్లో మేం వెళ్ళింది
లాండ్రీ కొట్టుదాకా, మళ్ళీ వెనక్కి.
టక్ టక్, ఒక అడుగు.
టక్ టక్, ఒక అడుగు.
నెలంతా కాలికి బలపం కట్టుకు తిరిగినవాణ్ణి,
పక్కన నెమ్మదిగా నడవటం చేతకాక
రెండుసార్లు తూలాను.

నా చేతి గడియారం దాన్ని "నడక" అని రాసుకుంది.
సెంగా గడియారాన్ని ఒక మాట అంది, ఇక్కడ రాయను.
జాకెట్టులోంచి అట్ట తీసింది,
ఇంకా పొగ వాసన, చేప వాసన.
పెన్సిలు మొన నాలుకకి తడుపుకుని
చివరి రెండు గళ్ళలోనూ గుర్తులు పెట్టింది.
తన వరసలో ఖాళీగా మిగిలిన
పదమూడు గళ్ళనీ కాసేపు చూసి
అలాగే వదిలేసింది.

కొత్త ఏడాది గంటలకి
ఇంకా ఆరు నిమిషాలుంది.