తడి తువ్వాల

కెమెరాతో అబద్ధం ఆడటం నా కొలువు.
గోదావరిఖనిలో, ట్రైనింగ్ సెంటర్ వెనక గదిలో
కిటికీలకు నల్లగుడ్డ కట్టి
సెకనుకు అరవై సార్లు
ఓపెన్‌కాస్టు గనిని మళ్ళీ మళ్ళీ పుట్టిస్తాను.
ఒక్క పుట్టుక ఆలస్యమైనా
డంపరు నడిపేవాడికి కడుపులో తిప్పుతుంది,
కెమెరా మాత్రం నిమ్మళంగా
నా దొంగతనాన్ని లెక్కలో రాసుకుంటుంది.

ఈ కెమెరాకు వెలుతురుతో పని లేదు,
వేడి ఒక్కటే దాని చూపు.
బండకింత, బొగ్గుకింత,
టైరుకింత, సైలెన్సరుకింత అని
బంతిలో అన్నం వడ్డించినట్టు వేడిని వడ్డిస్తాను.
తనంతట తానే రాజుకున్న బొగ్గుకుప్పకు
కొసరు కూడా వేస్తాను.

దుర్గం ఓదెలు మే నెలలో వచ్చాడు.
ముప్పై ఒక్కేండ్లు డంపరు నడిపి దిగినవాడు.
కొత్త పిలగాండ్ల కంటే ముందు
నా గనిని ఆయన నడిపి చూడాలి.
చెప్పులు బయట విడిచి
ఉత్తుత్తి క్యాబిన్ ఎక్కాడు,
ఎక్కేముందు వంగి
లేని టైర్లను చూసుకున్నాడు.

"దుమ్ము గిట్ల లేవది బిడ్డా, గిది పిండి.
మన దుమ్ముకు బరువుంటది,
ముందు బండి లేపింది ఎనుక బండి తింటది."
రాసుకున్నాను.
"మూడో బెంచి మలుపు గింత వెడల్పుంటే
మేమెందుకు తిట్టుకుంటుంటిమి?"
అదీ రాసుకున్నాను.

తర్వాత రెండో షిఫ్టు పెట్టాను.
పొద్దు గూకే యాళ్ళ.
పగలంతా కాగిన బండ
చల్లారుతూ చల్లారుతూ
మనిషి ఒంటి వేడి దాకా దిగి
ఒక పావుగంట అక్కడే ఆగుతుంది.
ఆ పావుగంట తెర నిండా ఒకటే బూడిద.
మలుపులో నేను నిలబెట్టిన మనిషి
బండలో బండై ఉన్నాడు.
కెమెరా పట్టలేదు. గంట మోగలేదు.
ఓదెలు బ్రేకు తొక్కాడు.

యంత్రం రాసింది:
అనవసరపు బ్రేకు. ఐదు మార్కులు కోత.

"కనిపించిండా?"
"లేదు."
"మరి?"
"నీళ్ళ ట్యాంకరు పిలగాడు గా యాళ్ళకు
గాడ వాల్వు తిప్పుతుంటడు.
నువ్వు పెట్టినవో లేదో నాకేం ఎరుక."

దాచిన మనిషిని వెలుతురులో చూపించాను.
హెల్మెట్, బూట్లు, నారింజ రంగు చొక్కా,
ముప్పై ఆరు డిగ్రీలు, అన్నీ కొలత ప్రకారమే.
ఓదెలు తెర దగ్గరికి వచ్చి
వాడి మెడ మీద వేలు పెట్టాడు.
"వీని తువ్వాల ఏది?
మే నెలల తువ్వాల తడిపి ఏసుకోకుంట
గనిల దిగేటోడు ఎవడు బిడ్డా?"

హన్మకొండ హాస్టల్లో ఎండాకాలం
కిటికీకి తడి దుప్పటి కట్టుకుని చదివినదాన్ని,
ఎట్లా మరిచానో.

బెత్తెడు గుడ్డ. ఇరవై ఆరు డిగ్రీలు.
మళ్ళీ నడిపాను.
బూడిద, బూడిద, బూడిద,
మధ్యలో మనిషి లేకుండానే
ఒక నల్లటి గీత కదిలింది.
కెమెరా తడబడింది, మళ్ళీ చూసింది,
గంట కొట్టింది.

"ఎంతసేపటికి ఆరుతది?"
"గాలి తోలితే అర్ధగంట. ఉక్కపోస్తే ఇంకింత."
"ఆరినంక?"
"మళ్ల తడుపుకుంటడు. నీళ్ళుంటే."

ఇప్పుడు నా గనిలో తువ్వాల ఆరుతుంది,
సెకనుకు అరవై సార్లు, రవ్వంత రవ్వంత,
నలుపు బూడిదవుతూ.
నీళ్ళ సంగతి ఏ గడిలో రాయాలో
ఇంకా తేలలేదు.

కోసిన ఐదు మార్కులు తిరిగి వేద్దామని
ఫైలు తెరిచి, సంతకానికి పిలిస్తే
ఓదెలు వరండాలో
కూలర్ నల్లా కింద
తువ్వాల పిండుకుంటున్నాడు.