మీకెంతమంది?

బుధవారం జ్ఞానోపదేశం పీరియడ్లో
లాక్లన్ చెయ్యెత్తాడు.
ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి గానీ
ప్రశ్నకు మాత్రం గట్టి పళ్ళున్నాయి:
"మీకెంతమంది పిల్లలు?"
ఒక్కరూ లేరన్నాను.
"మరి ఫాదరెలా అయ్యారు?"

టీచరమ్మ దగ్గింది.
కిటికీ బయట గోధుమ సైలోలు
నా అంగీలాగే తెల్లగా, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి.

జవాబులు నాకొచ్చు.
ఏడేళ్ళు సెమినరీలో నమిలినవే.
నీళ్ళు పోసి కొత్త పుట్టుక ఇస్తాడు కనక, అన్నాను.
వెనకటికి ఎడారుల్లో సన్యాసులు
తమలో పెద్దవాణ్ణి అబ్బా అని పిలిచేవారు, అన్నాను.
మా గుంటూరు వైపు
కాలికి రాయి తగిలినా నోట్లోంచి వచ్చేది అదే మాట.
ఇది మాత్రం అనలేదు.
ఏ ఇంగ్లీషులో అనను?
లాక్లన్ తల ఊపాడు,
సరుకు నచ్చకపోయినా మొహమాటానికి కొన్నవాడిలా.

ఊరి పేరు సదర్న్ క్రాస్. దక్షిణాది సిలువ.
పెర్తు నుంచి తూర్పుకి నాలుగు గంటలు,
ఎర్రమట్టి, ఉప్పు చెరువులు, ఈగలు.
వచ్చిన కొత్తలో పేరడిగితే శౌరి అనేవాణ్ణి.
సారీ చెబుతున్నాననుకుని
"పర్లేదు మేట్" అనేవాళ్ళు.
పోస్టాఫీసులో గ్లెనిస్ "లవ్" అంటుంది.
డెస్మండ్ కియో ఒక్కడే
ఎనభయ్యెనిమిదేళ్ళ తలమీంచి టోపీ తీసి
ఫాదర్ అంటాడు.
ముప్పైనాలుగేళ్ళ నాకు మెడవెనక చెమట.
ఎవరిదో పెద్ద కోటు తొడుక్కుని
చేతులు కనపడక నిలబడ్డట్టుంటుంది.

వేరే గుడికి వెళ్ళే మెకానిక్ ట్రెవర్
నా కారు టైరు బిగిస్తూ ఓసారి నిలదీశాడు,
భూమ్మీద ఎవర్నీ అలా పిలవొద్దని రాసుంది కదా అని.
రాసుంది. నేనూ చదివాను.
మరి మీ నాన్నని ఏమంటావు, అనడిగాను.
"పదేళ్ళయింది, ఏమీ అనక" అన్నాడు.
ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు
టైరునే చూశాం.

అమ్మ సంగతి వేరు.
అన్నం తినకపోతే తండ్రీ,
ఒళ్ళు కాలితే నాన్నా,
అటకెక్కి దూకబోతే ఒరే నా అయ్యా!
పాలుతాగే రోజుల్నుంచీ ఆమెకు తండ్రినే నేను.
గురుపట్టం నాడు
తైలం ఆరని నా అరచేతులు కళ్ళకద్దుకుని
ఫాదరుగారూ అంది.
బంధువులు ఏడ్చారు. నాకేమో
మాట పాతదే, చొక్కా మార్చుకొచ్చిందనిపించింది.

ఆగస్టులో ఒక రాత్రి రెండింటికి ఫోను.
మెరెడిన్ ఆస్పత్రి, నూటపది కిలోమీటర్లు.
హెడ్‌లైట్లలో కంగారూలు
దారివ్వాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడతాయి.
పక్కసీట్లో తైలం బుడ్డి.
స్వెట్టరు తిరగేసి వేసుకున్నానని
నర్సు చెప్పేదాకా తెలీదు.

డెస్మండ్ నన్ను గుర్తుపట్టలేదు.
గుర్తుపట్టాడేమో కూడా.
"డాడ్" అన్నాడు,
"గేటు మూశావా? గొర్రెలు రోడ్డెక్కుతాయి."
ఏ గేటో, ఏ ఏటి గొర్రెలో.
సెమినరీ సిలబస్‌లో లేవు.
"మూశాను నాన్నా, పడుకో" అన్నాను.
తెలుగులో.
అది అబద్ధమో కాదో తేలక
ఇంతవరకూ పాపసంకీర్తనంలో చెప్పుకోలేదు.
సంతలో తప్పిపోతానేమోనన్నట్టు
ఆయన నా వేలు పట్టుకున్నాడు,
తెల్లారేదాకా వదల్లేదు.

సమాధుల దగ్గర్నుంచి వచ్చాక
హాల్లో గుడ్డు శాండ్‌విచ్‌లు, టీ.
లాక్లన్ మళ్ళీ నా ముందు. వదిలే రకం కాదు.
"ఇంకా ఎవరూ లేరా?"
"ఒకడు" అన్నాను. "ఎనభయ్యెనిమిదేళ్ళు."
"మరి మీకు?"
"ముప్పైనాలుగు."

వాడు కేకుముక్క బల్లమీద పెట్టి
వేళ్ళు మడుస్తూ తీసివేత మొదలుపెట్టాడు.
చాలలేదు.
అడక్కుండా నా రెండు చేతులూ లాక్కుని
వాటి వేళ్ళు కూడా లెక్కలో కలిపేసుకున్నాడు.