పది కిలోల లోపు

నలభై టన్నుల రాయిని తూచేదాన్ని నేను.
చీమకుర్తి రోడ్డు మీద వేబ్రిడ్జి, రేకుల గది,
కిటికీలోంచి చీటీ, చిల్లర.
మొత్తంలో లారీ బరువు తీసేస్తే రాయి.
అంతే లెక్క.

ఓ రాత్రి లారీలు లేనప్పుడు
నేనే ఎక్కి నిలబడ్డా కాటా మీద.
లోపల మాల్యాద్రి అంకె చదివాడు: నూట ఇరవై!
నిజానికి నూట పద్దెనిమిది.
మా కాటా పదుల్లోనే పలుకుద్ది.

గొలుసు కుదవబెట్టి గుంటూరులో కోయించుకున్నా.
పొట్టని కోడిగుడ్డంత చేసి
పేగుకి దారి మళ్ళించారు.
ఏడాదికి డెబ్బై.
"సన్నబడ్డావు శేషారత్నం" అన్నోళ్ళే
ఇంకో ఆర్నెల్లకి "తెల్లబడ్డావేమ్మే" అన్నారు.
మెచ్చుకోలనుకున్నా.

అప్పుడే మొదలైంది ఐసు పిచ్చి.
సోడాకొట్టు కరీముల్లా చేత గడ్డ పగలగొట్టించి
స్టీలు గ్లాసులో పోసుకుని
చీటీ చీటీకీ మధ్య కరకరా.
మూడు మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది.
గోళ్ళు చెంచాల్లా గుంటలు పడ్డాయి.
దువ్వెన నిండా నేనే.
మాత్రలు మింగితే
నల్లగా వెళ్ళిపోయేవి, నన్ను పలకరించకుండా.

ఒంగోలు డాక్టరమ్మ కాయితం మీద పేగు గీసింది.
"తిన్నదాంట్లో ఇనుము దిగే స్టాపు ఇదమ్మా.
నీ బస్సు ఇప్పుడిటు రాదు."

నాకు ఇంకేం చెప్పక్కర్లేదు.
బైపాస్ పడ్డ ఏడాది
పాత రోడ్డు మీద మా నాయన టీకొట్టు.
పొయ్యి ఆర్పలేదు, పాలల్లో నీళ్ళు కలపలేదు.
చీకటితో లేచి గ్లాసులు కడిగి బోర్లించేవాడు.
బస్సులే రాలేదు.

ఇవాళ సూదిలోంచి ఎక్కిస్తున్నారు,
పాలు పోయని డికాషన్ రంగు,
చుక్క,
చుక్క.
"కదలబాకక్కా, బయటికి కారితే
తుప్పు మరక పడుద్ది, పోదు" అంది సలోమి సిస్టరు.
నోట్లో తాళంచెవి రుచి.

"ఎంతుంటది ఇది?"
తూచేదాన్ని కదా, అడక్కుండా ఉండలేను.
"రెండొందల మిల్లీగ్రాములు."

నవ్వొచ్చింది, సూది కదిలేంత.
నలభై ఎనిమిది కిలోలు పోగొట్టుకుని స్వీట్లు పంచాను.
చిటికెడు తుప్పు లేక
కాటా పక్కనే కూలబడ్డాను.

సీసాలో ఇంకా సగముంది.
మాల్యాద్రి ఫోను: "ఏడు లారీలు నిలబడ్డాయక్కా,
ఎట్టా రాయమంటావ్?"
పదుల్లో రాసెయ్, చిల్లర వదిలెయ్
అనబోయి
ఆగాను.