సేఫ్టీ రిపేరు

పాతూరులో నా అంగడికి బోర్డు లేదు.
తుపాకులున్నోళ్లకు దోవ తెలుసు,
లేనోళ్లకు తెలియాల్సిన పని లేదు.

ఈ పొద్దు కళ్యాణదుర్గం బస్సు దిగి
బోయ సుంకన్న వచ్చినాడు.
గోనెసంచిలో చుట్టిన రైఫిలు,
జేబులో నాలుగు మడతల లైసెన్సు.
శెనక్కాయ చేన్లో పందులంట,
రాత్రికి రెండు సాళ్లు
నాగలి పెట్టినట్టు పెళ్లగించి పోతాండాయంట.
"సేఫ్టీ వదులైంది పక్కీరన్నా,
బిగించి ఇయ్యి. సాయంత్రం బస్సుకు పోవాల."

విప్పి చూసినా.
గోరంత ఇనుప ముక్క.
వెనక్కి లాగితే ఆగు, ముందుకు తోస్తే పో.
ఎర్రచుక్క ఎప్పుడో అరిగిపోయింది,
వాళ్ల నాయన బొటనవేలు తినేసిన చుక్క.
కింద స్ప్రింగు, స్ప్రింగు కింద పల్లు,
పల్లు అంచు నున్నగా, చప్పరించిన బెల్లంముక్క మాదిరి.
ఇంకా పట్టుకునే ఉంది, వెంట్రుకవాసి.
ఆ వెంట్రుకవాసి మీద
ముందు నడిచే మనిషి వీపు.

ఆకురాయి తీసినా.
నేను రాస్తాంటే వాడు చెప్తాండాడు:
బండి మీద వచ్చేటప్పుడు
తూటా లోపలే ఉంటాదంట, తీసి పెట్టేకి ఓపిక లేక.
గట్టున రాతి కూసానికి ఆనించి
బీడీ ముట్టించుకుంటాడంట.
మంచె ఎక్కినాక
తమ్ముడు కింద నుంచి అందిస్తాడంట,
మూతి పైకి.
"సేఫ్టీ ఉంటాది కదన్నా."

ఆకురాయి ఆగింది.

ఉంటాది.
హుసేను తుపాకికీ ఉండె.
మా మామ కొడుకు. నా చేత్తో బిగించిన సేఫ్టీ.
ముచ్చుకోట కొండ కింద
కంప దాటుతా తుపాకిని మూతి పట్టుకుని లాగినాడు.
ఒక కొమ్మ సేఫ్టీని ముందుకు తోసింది,
ఇంకో కొమ్మ మీటను వెనక్కి లాగింది.
ఏ చెట్టని పోలీసులు అడిగిరి.
తుమ్మో, రేగో, ఏం చెప్తాం?
చెట్టుకు లైసెన్సు లేదు.

హుసేను ఇప్పుడు మార్కెట్ యార్డులో
కాటా లెక్కలు రాస్తాడు, ఎడమ చేత్తో.
పీర్ల పండక్కి కలిసినప్పుడల్లా
"నీ స్ప్రింగు మంచిదేలేరా" అంటాడు.
తిట్టినాడో ఓదార్చినాడో
పదకొండేండ్లయినా తేల్చుకోలేకపోతాండా.

మా అబ్బ నాటు తుపాకికి సేఫ్టీ లేదు.
భయమే ఉండె.
దాన్ని పక్కన పెట్టుకుని నిద్రపోయేవాడు కాదు,
పాముతో పండుకుంటారా అనేవాడు.
అట్లని అబ్బ కాలం మంచిదనను,
ఆయనకు ఒక కన్ను లేదు.
సేఫ్టీ వద్దని కూడా అనను.
వద్దంటే నా పొయ్యి వెలగదు.

సుంకన్నకు మాత్రం చెప్పినా:
కూసానికి ఆనించేముందు ఖాళీ చెయ్.
తమ్మునికి ఇచ్చేముందు ఖాళీ చెయ్.
చీకట్లో కన్ను అబద్ధమాడుతాది,
చిటికెనవేలు పెట్టి తడుముకో.
"పంది అంతసేపు ఆగుతాదా?" అన్నాడు.
ఆగదు.
పోనీలే రా, ఒక పంది.

బిగించినా. చుక్క పెట్టినా,
మా పాప గోళ్లరంగు సీసాలోంచి.
వాడు తుపాకి ఎత్తి
టక్, టక్, ముందుకూ వెనక్కీ ఆడిస్తా
మురిసిపోతాండాడు.
అప్పుడే టీ పిల్లోడు లోపలికొచ్చినాడు,
రెండు గ్లాసులు, తల వంచుకుని, పాటేదో గొణుక్కుంటా.
మూతి వాని వైపుంది.

నా అరచెయ్యి గొట్టాన్ని నేలకు వంచింది.
"ఖాళీదే అన్నా" అన్నాడు సుంకన్న.
"ఖాళీదే" అన్నా నేను.
విప్పింది నేను, మూసింది నేను.
అయినా చెయ్యి రాలేదు గొట్టం మీద నుంచి,
పిల్లోడు గ్లాసులు పెట్టి వాకిలి దాటేదాకా.

నూటయాభై అయింది. రెండు నూర్లిచ్చి
చిల్లర పెట్టుకోమన్నాడు.
వద్దులే అని యాభై వాని జేబులో కుక్కినా.
బస్టాండు దాకా పోయినా వానితో,
ఎందుకు పోయినానో అడగలేదు వాడు.
బస్సు కదిలింది.
కిటికీలో సుంకన్న చెయ్యి ఊపుతాండాడు.
నేను చూస్తాండింది చేతిని కాదు,
వాని మోకాళ్ల నడుమ గోనెసంచిని,
దాని మూతి ఎటుందో.