ముప్పయ్యొకటో నంబరు బూట్లు

ఆ బూట్లు ఫొటోలో పిల్లకి కొన్నారు.
ఎదురుగా నిలబడ్డ పిల్లకి కాదు.

ఫైలు ఢిల్లీ వెళ్ళి, కోర్టుకెళ్ళి,
వేసవి సెలవుల్లో పడుకుని లేచి,
ఒక్క సంతకం కోసం మళ్ళీ వెనక్కొచ్చి...
రెండేళ్ళు.
ఫైలుకి వయసు రాదు.
నూకరత్నానికి వచ్చింది.
మూడు గౌన్లు పొట్టయిపోయాయి,
ఎక్కాలు పదమూడు దాకా ఎక్కాయి,
రాత్రుళ్ళు పక్క తడపడం మానేసింది.
ఇవన్నీ ఇటలీకి రాయమని
నన్నెవరూ అడగలేదు.

చిన్నవాళ్ళయితే ఇట్టే వెళ్ళిపోతారు.
చంకలో ఉన్నంతకాలం ఏ చంకయినా ఒకటే.
పదేళ్ళ గుంట నడిచి వెళ్ళాలి.
నడిచేదానికి వెనక్కి చూడ్డం తెలుసు.

దానికి అమ్మ గుర్తుంది.
పూర్ణా మార్కెట్ వెనక గోనెపట్టా పరిచి
ఎండు నెత్తళ్ళు కుప్పపోసి
ఈగల్ని తోలుతూ పాడుకునే అమ్మ.
పాట మరిచిపోయింది.
తోలే చెయ్యి మరిచిపోలేదు,
అన్నం ముందు కూర్చుంటే ఇప్పటికీ
దాని ఎడంచెయ్యి ఊరికే ఊగుతుంది.
కేజీహెచ్‌లో అమ్మ పడుకున్న వార్డుకి
ఎన్ని మెట్లెక్కాలో చెప్తుంది.
దిగడం గురించి చెప్పదు.

వాళ్ళు పొద్దున్నే వచ్చారు.
ఆవిడ ఒర్నెల్లా, ఆయన ఫాబ్రిజియో.
బీచి రోడ్డు హోటల్లో రాత్రంతా
కూర్చునే ఉన్నట్టున్నారు, కళ్ళు చూస్తే.
ఆవిడ ఒకే ఒక్క మాట నేర్చుకొచ్చింది,
కాగితం చూడకుండా అడిగింది:
"నీకు ఆకలి ఉన్నదా?"
పిల్లలంతా కిసుక్కుమన్నారు.
నూకరత్నం నవ్వలేదు. టీచరమ్మలా,
"ఆకలేస్తందా, అనాల."
ఆవిడ అంది. మళ్ళీ అంది.
మూడోసారికి జాలారిపేటలో పుట్టినట్టే అంది.
"ఏస్తంది," అంది గుంట.

అప్పుడు డబ్బా తెరిచారు.
ఎర్ర బూట్లు, తెల్ల తాళ్ళు,
అడుగేస్తే మడమల్లో వెలిగే దీపాలు.
పదహారేళ్ళుగా పిల్లల కాళ్ళు కడుగుతున్నదాన్ని,
చూడగానే తెలిసిపోయింది.
పట్టవు.

అది వేళ్ళు లోపలికి ముడుచుకుంది.
తాళ్ళు కట్టుకుని లేచి
వరండా ఈ చివర్నించి ఆ చివరికి నడిచింది.
దీపాలు వెలిగాయి.
"సరిపోయాయి," అంది.
అందరూ చప్పట్లు.

ఎన్ని చోట్ల ఇలాగే సరిపోయిందో ఆ గుంట.
మేనమామ ఇంట్లో తలుపు వెనక,
పొరుగువాళ్ళ అరుగు మీద,
ఇక్కడ ఇద్దరికొక మంచంలో గోడవైపు.

చప్పట్లు కొట్టనిది ఆవిడొక్కతే.
నేలమీద మోకాళ్ళేసుకుని
బొటనవేలితో బూటు కొస నొక్కి చూసింది,
మా బజారు కొట్టులో తల్లులు నొక్కినట్టే.
తాళ్ళు విప్పింది.
ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే సాపు చేసింది.
వాళ్ళ భాషలో ఏదో అంది.
మాట మార్చి చెప్పే కుర్రాడు గొంతు సర్దుకున్నాడు:
"తప్పు నీ కాలిది కాదంట, మాదంట.
నొప్పైతే నొప్పని చెప్పాలంట."

నూకరత్నం నా వైపు చూసింది.
నేను గోడమీది క్యాలెండరు వైపు చూశాను.
పోర్టులో ఏదో ఓడ కూత పెట్టింది, పొడుగ్గా.
"నొప్పి," అంది, వినీవినపడనట్టు.
మళ్ళీ అంది, గట్టిగా.
ఆ తర్వాత ఏడ్చింది,
ఇక్కడికొచ్చిన రోజు కూడా ఏడవని పిల్ల.

పేరు మారుస్తారా అని కాగితంలో ఒక గడి ఉంది.
ఆయన అందులో అడ్డంగా గీత గీశాడు.
గీసి, "నుకరతన" అని పిలిచాడు.
పరవాలేదు. నాలుక తిరగడానికి
ఇంకా బోలెడు ఏళ్ళున్నాయి.

సాయంత్రం రబ్బరు చెప్పులతోనే కారెక్కింది.
సంచిలో ఏం దాచిందో
చూడనట్టు చూశాను:
కాగితంలో కట్టిన నెత్తళ్ళు, పిడికెడు.
విమానం వాళ్ళేమంటారో ఏమో.
వాసనొస్తది. రానీ.

ఎర్ర బూట్లు వరండాలో ఉండిపోయాయి.
రాత్రి లైట్లార్పి వస్తుంటే
చీకట్లో మడమలు మినుక్కుమంటూ
అటూ ఇటూ నడుస్తోంది
ఎనిమిదేళ్ళ సింహాచలం.
దానికి కొలిచినట్టు పట్టాయి.
దాని ఫైలు మొన్ననే ఢిల్లీ వెళ్ళింది.